చలికాలపు పెళ్లికి రంగులు ఖాయం చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పోయిన మార్గశిరంలో మా దగ్గరి బంధువుల ఇంట జరిగిన పెళ్లి ఫొటోలు ఈమధ్యే చేతికి వచ్చాయి. జీలకర్ర బెల్లం పెట్టుకునే ఘట్టంలో పెళ్లికూతురి నుదుటి మీద కుంకుమ నల్లగా ఉంది. పసుపు రాసిన చెంపలు బూడిద రంగులోకి తిరిగాయి. తెల్లని మధుపర్కాలు నీలిమందు ఎక్కువ పడ్డ బట్టల్లా కనిపించాయి. మండపం వెనక తెరకు లావెండరు రంగు కావాలని ఇంటివాళ్లే ఫోనులో బొమ్మ చూసి ఎంచుకున్నారు. ఆ తెరకు నప్పుతాయని అలంకరణ వాళ్లు నీలం, ఊదా ఫోకస్ లైట్లను నేరుగా పీటల మీదికి తిప్పారు. ముహూర్తం తెల్లవారుజామున కావడంతో వాటిని మించిన వెలుగు అక్కడ మరొకటి లేదు. సరిచేయమని ఫొటోగ్రాఫర్‌ను అడిగితే, బొట్టును ఎర్రగా మారుస్తుంటే ముఖం రంగు చెడిపోతోందని చెప్పాడు. పిల్ల తల్లి రెండో పేజీ తిప్పకుండానే ఆల్బమ్ మూసేసింది.

మాఘమాసపు ముహూర్తాలకు ఇప్పుడే బట్టలు, పందిళ్లు మాట్లాడుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ రంగు శుభమో, ఏది కట్టుకోకూడదో మీ ఇంటి పెద్దలు చెబుతారు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. కుటుంబాలను నిజంగా దెబ్బతీసిన పొరపాటు ఒకటే, దాన్ని చాలా ఇళ్లలో చూశాను. ముహూర్తం ఏ వెలుగులో జరుగుతుందో ఆ వెలుగులో చూడకుండా ఏ రంగునూ ఖాయం చేయకండి.

ముహూర్తపు వెలుగు

మనకు ఒక మంచి అలవాటు ఉంది. మ్యాచింగ్ సెంటరులో జాకెట్టు ముక్క తీసుకునేటప్పుడు కొట్లోని ట్యూబు లైటును నమ్మకుండా, చీరనూ ముక్కనూ గుమ్మం దాకా తెచ్చి ఎండ వెలుగులో చూస్తాం. పగటి పెళ్లికి ఆ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. కానీ రాత్రి రెండు గంటలకో, తెల్లవారుజామున నాలుగు గంటలకో పీటల మీద కూర్చోబోయే అమ్మాయికి గుమ్మం దగ్గరి వెలుగు చెప్పేది ఏమీ లేదు. ఎండలో ఒకే రంగుగా కనిపించిన పట్టుచీర, సిల్కు జాకెట్టు పసుపు పచ్చని దీపాల కింద రెండు వేరు రంగులుగా విడిపోవచ్చు, ఎందుకంటే రెండింటికీ వాడిన అద్దకాలు వేరు, ఒక్కో అద్దకం ఒక్కో వెలుగును ఒక్కో తీరుగా పీల్చుకుంటుంది.

చలికాలంలో ఈ ప్రమాదం ఎక్కువ. డిసెంబరులో హైదరాబాద్‌లో సుమారు 5.45కే సూర్యుడు అస్తమిస్తాడు, ఆ తర్వాత దాదాపు అరగంటకే చీకటి పడుతుంది. గోధూళి లగ్నానికి పెళ్లి పెట్టుకున్న వాళ్లు సాయంత్రపు బంగారు వెలుగును ఊహించుకొని రంగులు ఎంచుకుంటారు, వరపూజ పావుగంట ఆలస్యమైతే ఆ వెలుగు ఉండదు. మసక వెలుతురులో మన కంటికి అన్నిటికంటే ముందు నల్లబడేది ఎరుపే. నీలం, ఆకుపచ్చ ఇంకాసేపు నిలుస్తాయి. 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని గమనించి చెప్పాడు. మన పెళ్లిలో కుంకుమ మొదలుకొని ముఖ్యమైనవాటిలో ఎరుపు చాలా ఉంటుంది కాబట్టి మసక చీకటికి మొదట బలయ్యేవి అవే.

ఇక దీపాల సంగతి. వెలుగు తెలుపు వైపు ఉందో పసుపు వైపు ఉందో కెల్విన్ అనే కొలతలో చెబుతారు. బట్టల కొట్లలో తరచుగా 6500 కెల్విన్ తెల్లని వెలుగు ఉంటుంది, మండపాల్లో ఎక్కువగా 3000 కెల్విన్ దగ్గరి పసుపు వెలుగు ఉంటుంది. ఈ పసుపు వెలుగులో జరీ, ఆవపిండి రంగు, ఎరుపు, అరటాకు పచ్చ నిండుగా కనిపిస్తాయి. నేరేడు రంగు మట్టిరంగు వైపు జారుతుంది. ముదురు నీలానికీ నలుపుకూ తేడా తెలియదు. లేత నిమ్మపండు రంగు, మీగడ రంగు, లేత గులాబీ వేర్వేరుగా కొన్నా దూరం నుంచి చూసేవాళ్లకు అన్నీ ఒకే వెలిసిన రంగుగా కలిసిపోతాయి. నీలం వెలుగు అన్నిటికంటే ప్రమాదం. ఎర్రని వస్తువు నీలం కాంతిని పీల్చేసుకుంటుంది, తిరిగి పంపడానికి దాని దగ్గర ఏమీ మిగలదు, అందుకే కుంకుమ నల్లబడుతుంది. పసుపు కూడా నీలాన్ని పీల్చుకునేదే కాబట్టి ముఖం పాలిపోయినట్టు తేలుతుంది. అది కెమెరా తప్పు కాదు, అక్కడ కూర్చున్న వాళ్ల కళ్లకూ అలాగే కనిపించింది.

కాబట్టి ఒక పళ్లెం సిద్ధం చేసుకోండి. అందులో కొద్దిగా కుంకుమ, తడి చేసిన పసుపు ముద్ద, ఒక తమలపాకు, మధుపర్కం చెంగు పెట్టండి. పక్కన చీర కొంగు, జాకెట్టు ముక్క, అడ్డుతెర గుడ్డ, పందిరికి కట్టబోయే బట్ట ఒక్కో జానెడు ఉంచండి. ఆ పళ్లెం తీసుకొని, ముహూర్తం పడే వేళకే మండపానికి వెళ్లి, ఆ రోజు వెలగబోయే దీపాలే వెలిగించమనండి. కుంకుమ ఎర్రగా, పసుపు పచ్చగా, ఆకు ఆకుపచ్చగా, మధుపర్కం తెల్లగా కనిపిస్తే ఆ వెలుగు నమ్మదగినది, అప్పుడే పక్కనున్న బట్టల సంగతి చూడండి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మార్చవలసింది దీపాన్ని, చీరను కాదు. అంత దూరం వెళ్లలేని వాళ్లు అలంకరణ చేసేవాళ్లను రెండు దీపాలు ఇంటికి తెమ్మని, గది తలుపులు మూసి చూసుకోవచ్చు. బయానా ఇవ్వక ముందే అడగండి, ఇచ్చాక ఎవరూ తేరు.

అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో డిసెంబరు సెలవులకు వచ్చే పిల్లల పెళ్లిళ్లు ధనుర్మాసం మొదలయ్యే లోపు, అంటే దాదాపు డిసెంబరు 16కు ముందే ముగించాలి కనుక అన్నీ తొందర మీద జరుగుతాయి. అక్కడ ఒకరు వీడియో కాల్‌లో చూస్తారు, ఇక్కడ మరొకరు వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకు సరే అంటారు. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండాలని ఫోను తెరను పసుపు వైపు తిప్పే ఏర్పాటు పని చేస్తుంటే ఆ చీర అసలు రంగు ఇద్దరికీ తెలియదు. ఫోను చూసి నమూనాను ఇష్టపడండి, రంగును మాత్రం ముహూర్తపు వెలుగులో చూడకుండా ఖాయం చేయకండి.

మంచు, తడి

ఆరుబయట పందిరి వేసేవాళ్లు చలిని లెక్కలోకి తీసుకుంటారు, మంచును మరిచిపోతారు. మాఘమాసపు రాత్రి మూడు గంటలకు పచ్చిక మీద, షామియానా అంచుల మీద, సాటిన్ కుచ్చుల మీద నీటి చెమ్మ పేరుకుంటుంది. చవక రకం ఎర్ర, మెరూన్ బట్టలు ఆ తడికి రంగు వదులుతాయి, ఆ రంగు నీటి చుక్క తెల్లని మధుపర్కం మీద పడితే తలంబ్రాల వేళకు చేయగలిగింది ఏమీ ఉండదు. పందిరికి తెచ్చే ప్రతి ముదురు బట్టనూ తడిపిన తెల్ల నూలు గుడ్డతో పదిసార్లు గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే దాన్ని పీటల పైన కట్టనివ్వకండి.

మధుపర్కం మీద పసుపు ఎక్కువైన చోట ఎవరో ఒకరు ఆదరాబాదరాగా సబ్బు రుద్దుతారు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇంట్లోనూ తెలుసు. సబ్బులో ఉన్నదీ సున్నంలాంటి క్షార గుణమే కాబట్టి అక్కడ ఎర్రమరక పుడుతుంది. అలాగే వదిలేయండి, తర్వాత ఉతికి ఎండలో ఆరేస్తే పసుపు చాలావరకు వెలిసిపోతుంది.

శాలువా కూడా మీరు ఎంచుకున్న రంగుల్లో భాగమే. ఆరు నెలలు ఆలోచించి గద్వాల చీరకు అంచు నప్పేలా జాకెట్టు కుట్టించి, తీరా చలికి వణికే పిల్లకు ఎవరిదో బూడిద రంగు స్వెట్టర్ కప్పిన పెళ్లిళ్లు చూశాను. పెళ్లికూతురికి, ఉత్తరీయం తప్ప భుజాల మీద మరేమీ ఉండని పెళ్లికొడుక్కి, కన్యాదానం చేసే దంపతులకు శాలువాలు ముందే కొని, వాటినీ ఆ పళ్లెంలో పెట్టి చూడండి. ఆదిలాబాద్ వైపు, అరకు వైపు పెళ్లిళ్లకు ఇది తప్పనిసరి.

పూలు

చలికాలంలో మల్లెలు దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. పూలజడను తెల్లగా ఊహించుకొని చీర రంగు ఎంచుకున్న వాళ్లు చివరి రోజు వెతుక్కుంటారు. బంతి, చామంతి, కాగడాలు, లేత ఊదా రంగు డిసెంబరు పూలు ఈ కాలానివి. ముందు పూలు తెలుసుకోండి, తర్వాత పందిరి రంగు చెప్పండి.

ఇవిగాక, వరసగా చెబుతున్నాను, ఒక్కటీ వదలకండి.

పీటల మీద పడే వెలుగు తెల్లనిదో, లేత పసుపుదో మాత్రమే ఉండాలి. రంగుల లైట్లు కావాలంటే చెట్ల మీదికి, గోడల మీదికి తిప్పించండి.

రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ అనే కొలత ఎల్‌ఈడీ దీపాలకు ఉంటుంది. అది 90 దాటినవే మండపానికి అడగండి.

ఒక పక్క తెలుపు, మరో పక్క పసుపు దీపాలు పెట్టనివ్వకండి. కెమెరా రెండింటికీ ఒకేసారి సర్దుకోలేదు, సగం ముఖం ఒక రంగు, సగం మరో రంగు వస్తుంది.

ఆడపడుచులందరికీ ఒకే రంగు చీరలంటే ఒకేసారి అద్దిన బట్టలోంచి తీసుకోండి. తక్కువ పడితే తర్వాత కలుపుకుందాం అనుకోకండి, రెండోసారి అద్దితే ఛాయ మారుతుంది.

వెనక తెరనూ పెళ్లికూతురి చీరనూ ఒకే రంగులో పెట్టకండి. రాత్రి వెలుగులో మనిషి తెరలో కలిసిపోయి ముఖం, చేతులు మాత్రమే కనిపిస్తాయి.

పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉండే నెమలికంఠం చీర కొంటే కట్టి, నడిచి, కూర్చొని చూడండి. మడత మీద చూసి డబ్బు కట్టకండి.

ముఖానికి వేసే రంగులు కూడా ఆ దీపాల కిందే వేయించుకోవాలి. విడిది గదిలోని ట్యూబు లైటు కింద సరిపోయింది మండపంలో తెల్లగా తేలుతుంది.

పొగమంచు దిగితే రంగుల లైట్లు పూర్తిగా ఆర్పించండి. పొగమంచు ఆ రంగును మండపమంతా పరుస్తుంది.

ముహూర్తం మారితే రంగులన్నీ మళ్లీ చూసుకోండి. పగటి నుంచి రాత్రికి మారిందంటే చూసిన లెక్క పోయినట్టే.

చుట్టాలు మెచ్చుకున్నారని ఖాయం చేయకండి. కొట్టువాడు ఇదే ఆఖరి చీర అన్నాడని ఖాయం చేయకండి. ముహూర్తపు వెలుగులో చూడకుండా అసలే ఖాయం చేయకండి.

పెళ్లిరోజు ఆ పళ్లెం బాధ్యత ఇంట్లో ఒక మనిషికి అప్పగించండి. గౌరీపూజ జరుగుతుండగానే ఆ మనిషి మండపంలోకి వెళ్లి, అన్ని దీపాలూ వెలిగించి, కుంకుమ ఎర్రగా కనిపిస్తోందో లేదో పీటల దగ్గర నిలబడి చూడాలి. కనిపించకపోతే ఎవరినీ అడగకుండా ఆ దీపం ఆర్పించాలి, ఆ తర్వాతే మేనమామ బుట్ట ఎత్తాలి.