బ్యాటరీ కొత్తదే, అయినా క్రోనో ట్రిగర్ సేవ్ ఎందుకు పోతోంది?

సూపర్ నింటెండో గేమ్ కన్సోల్‌లో క్యాసెట్ పెట్టి ఆన్ చేస్తే, ఆడిన ఆటని దాచుకునే మూడు సేవ్ స్లాట్లూ ఖాళీ. క్రోనో ట్రిగర్ కావచ్చు, ఫైనల్ ఫాంటసీ 6 కావచ్చు, నలభై గంటలు ఆడింది ఒక్క రాత్రిలో గంగలో కలిసిపోతుంది. ఈ గేములు 1994, 95లో వచ్చినవి, సేవ్ ఉండేది క్యాసెట్ లోపలి చిన్న ర్యామ్ చిప్‌లో, దానికి పవర్ ఇచ్చేది ఒక సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ. అది అయిపోతే సేవ్ పోతుంది, ఇంతవరకూ అందరికీ తెలుసు.

కానీ బ్యాటరీ ఆర్డర్ పెట్టే ముందు క్యాసెట్ పిన్నులు తుడవండి బాబూ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్, రెండు నిమిషాల పని. మూడు స్లాట్లలో ఒక్కటే పోయి మిగతా రెండూ బాగుంటే బ్యాటరీ బతికే ఉందన్నమాట, అది ఎక్కువగా మురికి పిన్నుల వల్ల డేటా చెడిపోవడమే. మూడూ పోతేనే బ్యాటరీని అనుమానించండి. సూపర్ నింటెండోకి ముందొచ్చిన పాత నింటెండోలో (ఎన్ఈఎస్) ఫైనల్ ఫాంటసీ, డ్రాగన్ వారియర్ ఆడేవాళ్ళు రీసెట్ నొక్కి పట్టుకుని పవర్ ఆఫ్ చేయాలి, లేకపోతే ఆఫ్ అయ్యే క్షణంలో చెత్త డేటా రాసుకుపోతుంది. సూపర్ నింటెండోకి ఆ అవసరం లేదు.

ఇక అసలు విషయం. కొత్త బ్యాటరీ వేశారు, మల్టీమీటర్ పెడితే 3.2 వోల్టులు చూపిస్తోంది, సేవ్ చేసి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సేవ్ ఉంది, వారం తర్వాత చూస్తే లేదు. నేను దీనివల్ల బాగా దెబ్బతిన్నా, ఒక ఫ్రెండ్ క్రోనో ట్రిగర్ ఇలాగే టెస్ట్ చేసి ఓకే అని ఇచ్చేశా, వాడు చివరి దాకా ఆడి, ఆఖరి శత్రువు లావోస్‌తో ఫైట్ ముందు సేవ్ చేసుకున్నాడు, మర్నాడు మొత్తం ఖాళీ. వాడి మొహం చూడలేకపోయా.

జరిగింది ఏంటంటే బ్యాటరీలో వోల్టేజ్ ఉంది కానీ చిప్ దాకా సరిగ్గా చేరట్లేదు. పాత బ్యాటరీ చిన్న లోహపు పట్టీలకి వెల్డ్ చేసి ఉంటుంది, దాన్ని పీకేసి మామూలు బ్యాటరీని టేపుతో అంటించేవాళ్ళు చాలామంది, అది కొన్నాళ్ళు బానే పట్టుకుంటుంది, క్యాసెట్ బయటికి లాగినప్పుడో కింద పెట్టినప్పుడో ఒక్క క్షణం వదులైతే చాలు, అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇంకొందరు సోల్డర్ కరిగించకుండా లాగితే బోర్డు మీద పట్టీ అంటుకునే రాగి ప్యాడ్ లేచిపోతుంది, పైకి మాత్రం ఏమీ తెలీదు. ఆఫ్ చేసి వెంటనే ఆన్ చేసే టెస్ట్‌ని నమ్మకండి, పవర్ లేకపోయినా చిప్ కాసేపు డేటాని పట్టుకోగలదు. క్యాసెట్ కన్సోల్‌లో కదలకుండా ఉన్నంతకాలం సేవ్ ఉండి, బయటికి తీస్తేనే పోతోందంటే ఖాయంగా ఇదే.

చెక్ చేయాల్సింది బ్యాటరీ దగ్గర కాదు, ర్యామ్ చిప్ దగ్గర. 3.8 ఎంఎం గేమ్‌బిట్ (ఈ క్యాసెట్ల స్క్రూలకి సరిపోయే ప్రత్యేక స్క్రూడ్రైవర్ బిట్) తో విప్పి, క్యాసెట్ కన్సోల్ బయటే ఉండగా, మీటర్ నల్ల వైరు 14వ పిన్ మీద, ఎర్ర వైరు 28వ పిన్ మీద పెట్టండి. చిప్ మీద గాటు ఉన్న చివర ఒకటో పిన్‌కి సరిగ్గా ఎదురుగా ఉండేదే 28. అక్కడ 2.5 వోల్టుల పైన స్థిరంగా ఉండాలి, బ్యాటరీని వేలితో కొంచెం కదిపినా పడిపోకూడదు. పడిపోతే టేపు తీసేసి పట్టీలున్న బ్యాటరీ కొని సోల్డర్ చేయండి, ప్యాడ్ లేచిపోయి ఉంటే ప్లస్ పట్టీ నుంచి ఆ లైన్‌లో తర్వాతి పార్టుకి సన్నటి వైరు వేయండి. ప్లస్ మైనస్ తిరగేయొద్దు, బ్యాటరీ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ అస్సలు పెట్టొద్దు, పేలొచ్చు. తర్వాత సేవ్ చేసి, క్యాసెట్ బయటికి తీసి, రెండుమూడు రోజులు పక్కన పెట్టి అప్పుడు చూడండి. ఇంకోటి, బ్యాటరీ తీస్తే పాత సేవ్ పోతుంది, కావాలంటే ముందే డంపర్‌తో (క్యాసెట్ డేటాని కంప్యూటర్‌లోకి కాపీ చేసే పరికరం) కాపీ తీసుకోండి.

ర్యామ్ చిప్పే చచ్చిపోవడం చాలా అరుదు, దాని జోలికి ఆఖర్న వెళ్ళండి. ఎర్త్‌బౌండ్ అనే సూపర్ నింటెండో గేమ్ చివరి ఫైట్‌లో ఫ్రీజ్ అయి సేవ్‌లన్నీ చెరిగిపోతే అది నకిలీ క్యాసెట్ అయ్యుంటుంది, గేమే కనిపెట్టి అలా చేస్తుంది, రిపేర్ లేదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ గేమ్ పోకెమాన్ రూబీలో బ్యాటరీ అయిపోయిందని మెసేజ్ వస్తే కంగారు పడకండి, ఆగేది గడియారం మాత్రమే, సేవ్ బ్యాటరీ అక్కర్లేని ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లో అలా కాదు, గడియారమూ సేవూ ఒకే బ్యాటరీ మీద, అందుకే అవి త్వరగా పోతాయి, అక్కడ వేయాల్సింది సీఆర్2025.