నీటి అడుగు పోర్ట్రెయిట్‌లో ముఖం మసకబారుతోందా? ముందు పోర్ట్ చూడండి

ఈత కొలనులో ప్రీ-వెడ్డింగ్ ఫొటోలు, నీటిలో చీర కొంగు తేలియాడే పోర్ట్రెయిట్‌లు తీసేవారి నుంచి తరచుగా వచ్చే ఫిర్యాదు ఒక్కటే: ముఖం మసకగా, వెలిసిపోయినట్టు వస్తోంది. వెంటనే కొలను నీటినో, ఆటోఫోకస్‌నో తప్పుపడతారు. అంతకుముందే చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. దానిని దాటవేసి లెన్స్ మార్చేసినవారూ ఉన్నారు. నీటిలోనే అరచేతిని పోర్ట్‌కు (కెమెరాకు నీరు తగలకుండా మూసి ఉంచే పెట్టె, అంటే హౌసింగ్, ముందుభాగంలో లెన్స్ ఎదురుగా ఉండే గాజుకు) అడుగు దూరంలో పెట్టి, దానిపై ఫోకస్ చేసి ఒక ఫొటో తీయండి. అరచేయి స్పష్టంగా ఉండి, దూరంగా ఉన్న మోడల్ మాత్రమే మసకగా ఉంటే లోపం మధ్యనున్న నీటిది. అరచేయి కూడా మసకగా ఉంటే లోపం పోర్ట్‌ది.

లోపం నీటిదైతే దగ్గరికి వెళ్లడమే మందు. నీరు ఎరుపు కాంతిని ముందుగా పీల్చేస్తుంది కనుక ఫ్లాష్ నుంచి ముఖానికి, ముఖం నుంచి లెన్స్‌కు ఉన్న మొత్తం దూరం లెక్కలోకి వస్తుంది. వైడ్ లెన్స్‌తో మీటరు, మీటరున్నర దూరంలో నిలవండి. ముఖాన్ని ఫ్రేము అంచుకు మాత్రం పోనివ్వకండి, సాగిపోతుంది. తెల్లటి చుక్కలు కనిపిస్తుంటే ఫ్లాష్‌లను లెన్స్‌కు దూరంగా, కొద్దిగా బయటివైపుకు తిప్పండి. కొత్త బట్టను ఉతక్కుండా నీటిలో దింపితే నూగు రాలి ఆ చుక్కలు ఇంకా పెరుగుతాయి.

లోపం పోర్ట్‌దైతే, నీటిలోనే దాని ముందుభాగాన్ని వేలితో తుడవండి. దిగేటప్పుడు అంటుకున్న సన్నని గాలి బుడగలైతే అక్కడితో పోతాయి.

తుడిచినా పోని మసక గాజు లోపలివైపు చెమర్చడం వల్ల వచ్చేది. చాలామందిని మోసగించేది ఇదే, ఎందుకంటే మొదట తీసిన ఫొటోలు శుభ్రంగా వస్తాయి, మసక తర్వాత మెల్లగా, తరచుగా ఫ్రేము మధ్యభాగంలో మొదలవుతుంది, కెమెరా చిన్న తెరపై దాదాపుగా కనిపించదు. ఫోకస్ తప్పితే ముఖం కాకపోయినా చెవిపోగో, వెనుకనున్న టైల్సో స్పష్టంగా ఉంటాయి. గాజు చెమర్చినప్పుడు స్పష్టంగా ఉన్నది ఏదీ దొరకదు, నల్లని జుట్టు బూడిదరంగుకు తిరుగుతుంది, వెలుతురు పడిన చోట్ల కాంతి చిమ్మినట్టు అలుముకుంటుంది. చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమర్చినట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ చల్లదనం బయట, తేమ లోపల. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 26 డిగ్రీల గాజును తాకితే చాలు, నీరై అంటుకుంటుంది. విశాఖలో వర్షాకాలపు సాయంత్రం కొలను గట్టున హౌసింగ్ మూస్తే, సరిగ్గా ఆ గాలినే లోపల బంధించినట్టు. పైగా నీరు అంతకంటే చల్లగా ఉంటే ఇక చెప్పేదేముంది.

అందువల్ల హౌసింగ్‌ను గట్టున కాకుండా ఏసీ గదిలోనే మూయాలి. 24 డిగ్రీల దగ్గర, 50 శాతం తేమతో ఉన్న గది గాలి సుమారు 13 డిగ్రీలకు చల్లబడితే గానీ చెమర్చదు. మన కొలనులు అంత చల్లబడవు. బయటికి తెచ్చాక గాజు బయట చెమర్చితే కంగారు పడనక్కరలేదు, నీటిలో ముంచితే పోతుంది. లోపల సిలికా జెల్ పొట్లం పెట్టవచ్చు, కానీ గులాబీరంగుకు తిరిగిన నీలి గుళికలు అప్పటికే తేమ పీల్చేసుకున్నవి. వాటిని ఎండబెట్టకుండా పెట్టడం వృథా. పొట్లం అంచు ఓ-రింగ్ (నీరు చొరబడకుండా మూత అంచున ఉండే రబ్బరు వలయం) కింద పడకుండా చూసుకోండి. కార్డు, బ్యాటరీ మార్చాలని మధ్యలో గట్టునే మూత తెరిస్తే పడ్డ శ్రమంతా పోయినట్టే, కనుక పెద్ద కార్డు, నిండు బ్యాటరీతోనే దిగండి. ఇప్పటికే చెమర్చి ఉంటే హౌసింగ్ పైభాగాన్ని, చేతులను పొడిగా తుడుచుకుని, ఏసీ గదిలో తెరిచి, గాజు పూర్తిగా ఆరాక అక్కడే మూయండి.

మిగిలినవి అరుదు. ఓ-రింగ్ లీకు మసకతో ఆగదు, అడుగున నీటి చుక్కలు కనిపిస్తాయి. వెంటనే పైకి తీయండి. లెన్స్‌లో ఫంగస్ ఉంటే పొడి నేల మీద తీసిన ఫొటోలోనూ మసక ఉంటుంది.