వైరస్ రోజుల్లో బయటి భోజనం: మా ఇంట్లో పాటించే పద్ధతి

బయటి నుంచి భోజనం తెప్పించే ముందు నేను ఒక్కటే చూస్తాను: ఊళ్లో తిరుగుతున్న వైరస్ దగ్గు, తుమ్ములతో అంటుకునేదా, వాంతులు విరేచనాలు తెచ్చేదా? జాగ్రత్తలన్నీ దాన్ని బట్టే మారతాయి. మా అమ్మకు డెబ్బై దాటాయి, షుగర్ కూడా ఉంది. అందుకే ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

కోవిడ్ తిండి వల్ల సోకినట్టు ఆధారాలు దొరకలేదు. 2020లో ఆ వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల వరకు, అట్ట మీద 24 గంటల వరకు ఉంటుందని ప్రయోగశాలల నుంచి వార్తలు వచ్చాక అందరం టెన్షన్ పడి డబ్బాలు తుడిచాం. నిజానికి గంటలు గడిచేకొద్దీ దాని బలం బాగా తగ్గిపోతుంది. వస్తువులు ముట్టుకుంటే సోకే ప్రమాదం చాలా తక్కువని తర్వాత తేలింది. ఇలాంటి వైరస్‌కు అసలు జాగ్రత్త గుమ్మం దగ్గరే. డబ్బులు ముందే ఆన్‌లైన్‌లో కట్టేయండి. "తలుపు పక్కన పెట్టి బెల్ కొట్టండి చాలు" అని ఆర్డర్‌లోనే రాయండి. తెచ్చే మనిషి రోజంతా ఎన్నో గుమ్మాలు ఎక్కి దిగుతారు, ఎదురుపడకపోతే ఆయనకూ మేలు. మన ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉంటే మాత్రం ఇది తప్పనిసరి. మీరే వెళ్లి తెచ్చుకుంటే మాస్కు పెట్టుకుని, లోపల గుంపులో కాకుండా బయట నిలబడండి.

లోపలికి తెచ్చాక తిండిని మన గిన్నెల్లోకి మార్చి, డబ్బాలూ సంచీ చెత్తబుట్టలో వేసి, అప్పుడు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. ముందే కడిగేసి మళ్లీ డబ్బాలు పట్టుకుంటే లాభం లేదు. శానిటైజర్ గానీ బ్లీచ్ గానీ తిండి మీద చల్లకండి, అవి కడుపులోకి వెళ్లాల్సినవి కావు.

వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అయితే తిండినే అనుమానించాలి. అది వండేవాళ్ల చేతుల నుంచి నేరుగా మన కంచంలోకి రాగలదు, చాలా కొద్దిగా చేరినా చాలు. దాని మీద శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్లే దిక్కు. వంట మనిషికి వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా కనీసం 48 గంటలు వంటగదిలోకి రాకూడదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఫోన్‌లో ఈ సంగతి అడగడానికి నేను మొహమాటపడను. ఆ రోజుల్లో పచ్చి ముక్కలు, కోసిన పండ్లు వద్దంటాను, పొగలు కక్కేలా వండినవే తెప్పిస్తాను. గోరువెచ్చగా వేడి చేసినంత మాత్రాన ఈ వైరస్ చావదు.

వైరస్ భయంలో పడి చాలామంది మామూలు బాక్టీరియాను మర్చిపోతారు. వండిన తిండి రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. అమ్మ వాటా రాగానే శుభ్రమైన గరిటెతో వేరుగా తీస్తాను, మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. మళ్లీ తినేముందు మధ్య భాగం కూడా 74 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి, మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో ఒకసారి కలపాలి. ఎప్పుడు తెప్పించామో గుర్తులేని డబ్బా ఉంటే, ఎంత ఖరీదైనదైనా పారేస్తాను.