లేత్ మీద పాడైన బాల్ ఆయిలర్ మార్చడం ఎలా

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ షెడ్లలో పాత హెచ్‌ఎంటీ, కిర్లోస్కర్ లేతులు (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రాలు) ఇంకా రెండు షిఫ్టులు లాగుతూనే ఉన్నాయి. వాటి క్రాస్ స్లైడ్ (కోత పనిముట్టుని అడ్డంగా జరిపే భాగం), ఏప్రాన్ (దాని కింద ముందువైపు గేర్ల పెట్టె), టెయిల్‌స్టాక్ (ముక్క అవతలి చివరని ఆనించే భాగం) మీద చిటికెన వేలి గోరంత ఇత్తడి చుక్కలు కనిపిస్తాయే, అవే బాల్ ఆయిలర్లు. లోపల ఒక స్టీలు గోళీ, దాని కింద స్ప్రింగు. ఆయిల్ గన్ ముక్కు గోళీని నొక్కితే నూనె దిగుతుంది, ముక్కు తీస్తే గోళీ పైకొచ్చి మూత పడుతుంది. ఎండిన కూలెంటు (కోత వేడి తగ్గించే ద్రవం), బీడు రజను చేరి ముద్దకడితే కిందికెళ్లిన గోళీ మళ్లీ పైకి రాదు. ఇక అది మూతలేని గుంట, చిప్స్, అంటే లోహపు పొట్టు, తిన్నగా బేరింగులోకే.

ముందు మొండి పిన్నుతో ఒక్కో గోళీనీ నొక్కి చూడండి. టక్కున వెనక్కి రానివి మార్చాల్సినవి.

కొత్తవాటికి బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్తే ఉత్త ‘నిప్పిల్’ అని అడక్కండి, గ్రీజు నిప్పిల్ చేతిలో పెడతారు. కొట్టి దించే రకం బాల్ ఆయిలర్ అని చెప్పండి. 6, 8, 10 మి.మీ. సైజులు ఎక్కువగా నడుస్తాయి. పాత విలాయతీ మిషన్లలో అంగుళాల లెక్క ఉంటుంది. రంధ్రం కొలవడానికి డ్రిల్ బిట్ కాడే మంచి గేజి. ఆయిలర్ ఒళ్లు రంధ్రం కన్నా 0.03 నుంచి 0.05 మి.మీ. లావుంటే చాలు. అంతకు మించితే పల్చటి బీడు అంచు చిట్లుతుంది. మరతో బిగించే రకమైతే ఇంకో చిక్కుంది. 1/8 బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర) బయటి కొలత 9.73 మి.మీ., అంగుళానికి 28 మరలు. ఎం10×1 (10 మి.మీ. మెట్రిక్ మర) కూడా చూపుకి అలాగే ఉంటుంది. బీఎస్‌పీది ఎం10 రంధ్రంలో వదులుగా నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే మర పోతుంది.

అసలు పని పాతది తీయడంలో ఉంది, ఇక్కడ తొందరపడకూడదు. మెయిన్ స్విచ్ ఆపండి. 6 మి.మీ. ఆయిలర్‌కి 4.2 డ్రిల్, దాని మొనకి గట్టి గ్రీజు, లోతు గుర్తుకి టేపు. గోళీ గట్టి స్టీలు కాబట్టి డ్రిల్ దాన్ని కోయదు, అది బొంగరంలా తిరుగుతుంది. ఇత్తడి పెదవి తెగేదాకా మాత్రమే దించి, గోళీని, స్ప్రింగుని మ్యాగ్నెట్‌తో లాగేయండి. తర్వాత ఎం5 ట్యాపు (మర కోసే పనిముట్టు), మూడు నాలుగు మరలు పడితే చాలు. ఎం5 బోల్టుకి నట్టు, వాషరు ఎక్కించి, కింద ఆయిలర్ పట్టేంత చిన్న పైపు ముక్క పెట్టి బోల్టుని మరలోకి దించండి. బోల్టు తిరక్కుండా పట్టుకుని నట్టు బిగిస్తే ఆయిలర్ తనంతట తానే పైకొస్తుంది. స్క్రూడ్రైవరుతో ఎత్తబోతే రంధ్రం అంచు పోతుంది.

ఇత్తడి పొట్టు మ్యాగ్నెట్‌కి అంటదు. పుల్లకి గ్రీజు రాసి అద్ది తీయండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు, ఉన్న చెత్తంతా బుష్ (షాఫ్టు తిరిగే గొట్టం లాంటి బేరింగు) లోపలికి పోతుంది. 10 మి.లీ. సిరంజితో కిరసనాయిలు పోసి, అవతలి చివర శుభ్రంగా కారేదాకా కడగండి. ఎవరో ఎప్పుడో గ్రీజు కొట్టి ఉంటే దారి మూసుకుని ఉంటుంది. డీజిల్ పోసి రాత్రంతా నాననిచ్చి, మెత్తటి రాగి తీగతో పొడవాలి.

కొత్తది దించడానికి ఆయిలర్ ఒంటికన్నా కాస్త సన్నటి ఇత్తడి కడ్డీ తీసుకుని, దాని ముఖం మధ్యలో గోళీ పట్టేంత గుంట చేయండి. దెబ్బ అంచు మీద పడాలి, గోళీ మీద కాదు. నేరుగా సుత్తితో కొడితే కారే ప్రమాదం ఉంది. చిన్న సుత్తితో నాలుగు తేలిక దెబ్బలు, ఉపరితలానికి 0.2 మి.మీ. కిందికి. ఇంకా దిగితే అక్కడ రజను నిలుస్తుంది.

రంధ్రం వదులైతే అసిటోన్‌తో తుడిచి లాక్‌టైట్ 638 జిగురు వాడొచ్చు. దాన్ని రంధ్రంలో పూస్తే ఆయిలర్ దాన్ని ముందుకి తోసి నూనె దారినే మూసేస్తుంది. అందుకే ఆయిలర్ ఒంటికి, అదీ పై సగానికే, పల్చగా రాయాలి.

ఇప్పుడు గన్‌తో రెండు మూడు పంపులు. స్లైడ్‌వేలకి (భాగాలు జారే పట్టాలకి) వీజీ 68 (చిక్కదనం గ్రేడు) స్లైడ్‌వే ఆయిల్, సర్వోవే 68 లాంటిది. బుష్‌లకి మిషన్ బుక్కులో చెప్పిన గ్రేడు. బండిలోంచి తీసిన వాడిన ఇంజిన్ ఆయిల్‌లో కార్బను, లోహపు నలుసులు ఉంటాయి, ఉచితంగా వచ్చినా వద్దు. బుష్ రెండు చివర్లా గుడ్డ పెట్టి చూడండి. మొదట నల్లగా, తర్వాత తేటగా నూనె కనిపించాలి. గన్ బిగుసుకుంటే దారి ఇంకా మూసుకునే ఉందన్నమాట. ఏ అడ్డూ లేకుండా నూనె దిగిపోతూ చివర ఏమీ రాకపోతే మధ్యలో పైపు విరిగి ఉంటుంది, అప్పుడు ఏప్రాన్ విప్పక తప్పదు.