ఆకలి మీద ఒక ఈవెంట్ పెట్టాలనుకుంటున్నారా, అయితే ముందు ఇది చదవండి

ప్రపంచంలో ఆకలి గురించి ఏదైనా చేద్దాం అని నలుగురు కూర్చోగానే ముందు వచ్చే మాటలు హాల్ ఎక్కడ, చీఫ్ గెస్ట్ ఎవరు, బ్యానర్ మీద ఏం రాయాలి అనే. ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళేటప్పుడు ఏ పని చేస్తామని ఒప్పుకుని వెళ్ళాలి? విరాళం ఇవ్వాలా, నెలకోసారి ఫుడ్ బ్యాంక్‌కి (తిండి సరుకులు పోగేసి లేనివాళ్ళకి ఇచ్చే చోటు) వచ్చి రెండు గంటలు పనిచేయాలా, తమ ప్రజాప్రతినిధికి ఉత్తరం రాయాలా? వీటిల్లో ఒకటి పట్టుకోండి. మూడూ అడిగితే జనం అన్నిటికీ తలూపి ఒక్కటీ చెయ్యరు. కళ్ళలో నీళ్ళు పెట్టించి పంపేయడం పెద్ద కష్టం కాదు, ఆ నీళ్ళు గేటు దాటేలోపే ఆరిపోతాయి, కాబట్టి మొత్తం ప్రోగ్రాం అంతా ఆ ఒక్క పని వైపు నడవాలి.

ఉత్తరాలు రాస్తే ఏమొస్తుంది అని చాలామంది తీసిపారేస్తారు గానీ నా లెక్కలో అది విరాళానికి ఏమాత్రం తక్కువ కాదు. 2024 నాటికి ప్రపంచంలో దాదాపు 46.6 కోట్ల మంది పిల్లలు బళ్ళో భోజనం తింటున్నారు, దానికయ్యే ఖర్చులో సింహభాగం ఆయా దేశాల ప్రభుత్వాల బడ్జెట్ నుంచే వస్తోంది, బయటి దాతల నుంచి కాదు. అంటే బడ్జెట్‌లో ఒక లైను పెరగడమో తగ్గడమో ఎన్నో కంచాల మీద పడుతుంది. అందుకే ఉత్తరంలో "ఆకలి పోవాలి" అని రాయకండి, ఫలానా పథకానికి డబ్బు తగ్గించొద్దు, ఫలానా చోట మొదలుపెట్టండి అని ఒకే కోరిక రాయండి, సంతకం పెట్టినవాళ్ళ ఊరూ పేరూ ఉండేలా చూడండి.

తేదీ విషయానికొస్తే అక్టోబర్ 16 ప్రపంచ ఆహార దినోత్సవం, 1945లో అదే రోజు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పుట్టింది కాబట్టి ఆ తేదీ. దానికి ముందు రోజు గ్రామీణ మహిళల దినోత్సవం, తర్వాతి రోజు పేదరిక నిర్మూలన దినోత్సవం, మూడూ వరసగా వస్తాయి గనక ఆ వారంలో పెడితే పేపర్లవాళ్ళు, స్కూళ్ళు త్వరగా పలుకుతారు. మే 28న ప్రపంచ ఆకలి దినోత్సవం, సెప్టెంబర్ 29న ఆహార వృథా మీద అవగాహన దినోత్సవం కూడా ఉన్నాయి. ఒక చిన్న మాట, ఫుడ్ బ్యాంకులకి పండగలప్పుడు ఎటూ విరాళాలు వచ్చిపడతాయి, మిగతా నెలల్లోనే షెల్ఫులు ఖాళీ అవుతాయి, కాబట్టి మీ దగ్గర ఏ నెల గడ్డుగా ఉంటుందో వాళ్ళనే అడిగి ఆ నెలలో పెడితే ఇంకా మంచిది.

ఇక అంకెలు. ఒక్క పేజీకి మించి ఇవ్వకండి, కానీ ఆ పేజీలో ఉన్నది మాత్రం గట్టిగా ఉండాలి. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఐదు కలిసి ఏటా ఒక రిపోర్టు ఇస్తాయి, 2025లో వచ్చినదాని ప్రకారం 2024లో సుమారు 67.3 కోట్ల మంది ఆకలితో ఉన్నారు, అంటే ఇంచుమించు పన్నెండు మందిలో ఒకరు. మంచి పోషకాహారం కొనుక్కునే స్తోమత లేనివాళ్ళు 260 కోట్లు. ఆసియాలో ఆకలి తగ్గుతోంది, ఆఫ్రికాలో పెరుగుతోంది, అక్కడ ఐదుగురిలో ఒకరికి పైనే. 2030కల్లా ఆకలి లేకుండా చేస్తామని 2015లో దేశాలన్నీ ఒప్పుకున్నాయి, ఇప్పుడున్న నడక చూస్తే అప్పటికీ 51 కోట్ల మంది మిగిలిపోతారని అదే రిపోర్టు అంచనా. ఆడిటోరియంలో పన్నెండు కుర్చీలకి ఒకటి చొప్పున ఖాళీగా వదిలి దాని మీద కాగితం అంటించండి చాలు, ఈ అంకె ఎవరూ మర్చిపోరు.

అంకెల పక్కనే కారణం కూడా చెప్పాలి, చాలా ఈవెంట్లు తూతూమంత్రంగా అయిపోయేది ఇక్కడే. ప్రపంచంలో అందరికీ సరిపడా తిండి పండుతోంది. అయినా ఆకలి ఎందుకుందంటే యుద్ధాలు, వాతావరణం దెబ్బలు, ధరలు పెరిగి చేతిలో డబ్బు చాలకపోవడం, ఇవి. 1943 బెంగాల్ కరువుని చిన్నప్పుడు కళ్ళారా చూసిన అమర్త్యసేన్ పెద్దయ్యాక లెక్కలు తీసి చూపించింది ఇదే కదా, తిండి గింజలు ఒక్కసారిగా మాయమై కాదు, కొనుక్కునే శక్తి పోయి జనం చనిపోయారని. వృథా గురించి మాట్లాడితే కూడా నిజం మాట్లాడండి. 2022లో 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తలోకి పోయింది, అందులో 60 శాతం ఇళ్ళ నుంచే, ఇది తప్పకుండా చెప్పాల్సిన సంగతి, కానీ మనం కంచంలో వదిలేసిన ముద్ద నేరుగా యుద్ధం జరుగుతున్న చోట ఉన్న పాప నోట్లోకి వెళ్ళదు, అలా చెప్పి పిల్లలకి అపరాధ భావం అంటగట్టొద్దు. వృథా తగ్గిస్తే నేల, నీళ్ళు, డబ్బు మిగులుతాయి, మిగిలిన మంచి తిండి దగ్గర్లో ఉన్నవాళ్ళకి చేరుతుంది, అంతవరకు చెప్తే చాలు.

ఇప్పుడు అసలు ప్రోగ్రాం ఏం చెయ్యాలి అనేదానికొద్దాం. నాకు అన్నిటికన్నా బలంగా అనిపించేది టికెట్ భోజనం, పేదరికం మీద పనిచేసే ఆక్స్‌ఫామ్ సంస్థ దీన్ని బాగా పాపులర్ చేసింది. గేటు దగ్గర అందరూ డబ్బాలోంచి చీటీ తీస్తారు. వంద మంది వస్తే ఇరవై మందికి పై వర్గం చీటీ, ముప్పై మందికి మధ్య, యాభై మందికి కింద. పైవాళ్ళకి టేబుల్, గుడ్డ, వడ్డన, అన్నీ. మధ్యవాళ్ళకి కుర్చీ, మామూలు భోజనం. కిందివాళ్ళు నేల మీద కూర్చుని ఒకే ఒక పదార్థం, నీళ్ళు, అది కూడా చాలీచాలకుండా. చీఫ్ గెస్ట్ అయినా సరే చీటీ తియ్యాల్సిందే, మార్చుకోవడాలు లేవు, అక్కడ మొహమాటపడితే మొత్తం ఆట చెడుతుంది. మధ్యలో ఒకరు మైక్ తీసుకుని, ఈ ఏడు మీ పంట పోయింది అని ఒక కార్డు చదివి మధ్య వర్గంలోంచి ఇద్దర్ని నేల మీదకి పంపాలి, అలాగే ఒకరికి పని దొరికిందని పైకి పంపాలి. అప్పుడు చూడండి హాల్ ఎంత నిశ్శబ్దమైపోతుందో. తిన్నాక కనీసం అరగంట మాట్లాడుకోవడానికి ఉంచండి, నేల మీద కూర్చున్నవాళ్ళే ముందు మాట్లాడాలి, తర్వాత టేబుల్ వాళ్ళు. పక్కవాడికి పెడదామని ఎవరికైనా అనిపించిందా, అనిపిస్తే ఎందుకు ఆగారు, ఈ రెండు ప్రశ్నలు వేస్తే చర్చ దానంతటదే నడుస్తుంది.

దీంట్లో ఒక జాగ్రత్త ఉంది, చాలామందికి తట్టదు. మీ ఆడియన్స్‌లో నిజంగానే ఇంట్లో తిండికి ఇబ్బంది పడేవాళ్ళు ఉండొచ్చు, ముఖ్యంగా స్కూళ్ళలో కాలేజీల్లో, వాళ్ళకి ఇది ఆట కాదు. అందుకని ముందే అందరికీ చెప్పండి ఇలా ఉంటుందని, ఇష్టం లేనివాళ్ళు వాలంటీర్‌గా ఉండొచ్చని, కారణం అడగబోమని. చివర్లో అందరికీ సరిపడా మామూలు భోజనం తప్పనిసరిగా పెట్టండి, ఆకలితో ఎవర్నీ ఇంటికి పంపొద్దు. షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు వీళ్ళని చీటీల్లో కలపకండి.

ఉపవాసం పెట్టే పద్ధతి ఇంకోటి, 1971లో కెనడాలో మొదలైన ముప్పై గంటల ఉపవాసం చాలా దేశాలకి పాకింది, కుర్రాళ్ళు స్పాన్సర్లని వెతుక్కుని ఆ గంటలు తినకుండా ఉండి ఫండ్స్ పోగేస్తారు. చెయ్యండి తప్పులేదు, కానీ నీళ్ళు, జ్యూస్ ఉండాలి, పెద్దవాళ్ళెవరో పక్కనుండాలి, తిండి విషయంలో మానసిక ఇబ్బందులు ఉన్నవాళ్ళని బలవంతపెట్టొద్దు, ఇంకా ముఖ్యంగా స్టేజీ మీద "ఇప్పుడు మాకు ఆకలంటే ఏంటో తెలిసింది" అనే డైలాగ్ ఎవర్నీ కొట్టనివ్వకండి. మన ఉపవాసం ఎప్పుడు ముగుస్తుందో మనకి తెలుసు, వాళ్ళకి తెలీదు, తేడా అంతా అక్కడే ఉంది.

మట్టిపని చేసేవాళ్ళు దగ్గర్లో ఉంటే ఖాళీ గిన్నెల పద్ధతి బాగుంటుంది. 1990లో అమెరికాలోని మిచిగన్‌లో ఆర్ట్ టీచర్లు మొదలుపెట్టారు, చేత్తో చేసిన గిన్నెలో కాస్త సూప్ తాగి డబ్బిచ్చి ఆ గిన్నె ఇంటికి తీసుకెళ్తారు, అల్మారాలో కనబడినప్పుడల్లా గుర్తొస్తుందని. విరాళాల కోసం జనాన్ని నడిపించే వాక్ పెట్టాలనుకుంటే పోలీసు పర్మిషన్, రూటు, నీళ్ళు, ఫస్ట్ ఎయిడ్, టాయిలెట్లు చూసుకోండి, ఇక వాక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

ఏ ఫార్మాట్ పెట్టినా ఒక పక్కన చిన్న టేబుల్ వేసి మాత్రం ఈ పని చెయ్యండి, ఖర్చు దాదాపు సున్నా. దళసరి కాగితం సన్నగా పొడుగ్గా కత్తిరించి దాని మీద స్కేలుతో 11.5 సెంటీమీటర్ల దగ్గర ఒక గీత, 12.5 దగ్గర ఇంకో గీత పెట్టండి. మొదటి గీత లోపల ఎరుపు, రెండు గీతల మధ్య పసుపు, ఆ తర్వాత ఆకుపచ్చ రంగు వెయ్యండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల జబ్బ కొలవడానికి ఆరోగ్య కార్యకర్తలు వాడే టేపు సరిగ్గా ఇలాగే ఉంటుంది, కొలత ఎరుపులో పడితే తీవ్రమైన పోషకాహార లోపం, ప్రాణం మీదకి వచ్చిందన్నట్టు. ఇప్పుడు ఆ కాగితాన్ని మొదటి గీత దగ్గర చుట్టి ఉంగరంలా పట్టుకుని, వచ్చినవాళ్ళని వేళ్ళు పెట్టి చూడమనండి. రెండు వేళ్ళు దూరతాయి, మూడోది పెట్టబోతే చాలామందికి బిగుసుకుంటుంది. ఒక బిడ్డ జబ్బ అంత సన్నం. చూసినవాళ్ళు ఎక్కువసేపు ఏమీ మాట్లాడరు, అప్పుడు అక్కడున్న వాలంటీర్ వెంటనే మిగతాది చెప్పాలి. వేరుశెనగ పేస్టు, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపిన చిన్న ప్యాకెట్టు ఉంటుంది, ఒక్కోదాంట్లో 500 కేలరీలు, వండక్కర్లేదు, నీళ్ళు కలపక్కర్లేదు, వేరే జబ్బులేమీ ముదరని పిల్లలైతే చాలామంది ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఇంటి దగ్గరే కోలుకుంటారు. ఇలా చిక్కిపోయిన ఐదేళ్ళ లోపు పిల్లలు, కొంచెం తక్కువ తీవ్రత ఉన్నవాళ్ళని కూడా కలుపుకుంటే, 2024లో ప్రపంచంలో 4.28 కోట్ల మంది. వైద్యం ఉంది, అది చేరడమే మిగిలింది అని చెప్పి పక్కనే మీ సైన్‌అప్ షీట్ పెట్టండి. ఎవరైనా తమ పిల్లని తీసుకొచ్చి కొలవమంటే మాత్రం కొలవొద్దు, కాగితం టేపుతో డాక్టర్ పని చెయ్యకూడదు, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి పంపండి.

ఫోటోల గురించి. ఎముకలు తేలిన పిల్లల బొమ్మలు పోస్టర్ల మీద వెయ్యకండి, ఆ బిడ్డ పెద్దయ్యాక తన ఫోటో అలా చూసుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. సాయం తీసుకునేవాళ్ళని స్టేజీ ఎక్కించి చేతికి సంచి ఇస్తూ ఫోటో దిగడం ఇంకా ఘోరం. స్పీకర్ కావాలంటే ఫుడ్ బ్యాంక్ నడిపేవాళ్ళనో, పొలం పనిచేసేవాళ్ళనో, ఒకప్పుడు ఆకలి చూసి ఇప్పుడు చెప్పుకోవడానికి ఇష్టపడేవాళ్ళనో పిలవండి, వాళ్ళ టైముకి డబ్బులివ్వండి, ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో వాళ్ళకే వదిలెయ్యండి. కడుపు నిండిన బేరం ఉపన్యాసాలు ముప్పావుగంట వినడానికి ఎవరూ రారు.

డబ్బు సంగతి చాలా సీరియస్‌గా తీసుకోవాలి, ఒక్కసారి నమ్మకం పోతే మళ్ళీ రాదు. ఏ సంస్థకి ఇస్తున్నారో పోస్టర్ మీదే రాయండి, వాళ్ళ ఆడిట్ రిపోర్టు బయటికి ఇస్తున్నారో లేదో ముందే చూడండి. హాల్ ఖర్చులు వసూళ్ళలోంచి తీస్తున్నారా, వేరే స్పాన్సర్ ఇస్తున్నారా అనేది కూడా ముందే చెప్పెయ్యండి. డబ్బాకి సీలు ఉండాలి, లెక్కపెట్టేటప్పుడు ఒకే ఇంటివాళ్ళు కాని ఇద్దరు ఉండాలి, అక్కడికక్కడే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. దగ్గరివాళ్ళకా దూరపువాళ్ళకా అని గొడవొస్తే పంచుకోవచ్చు, 1969లో అమెరికాలో మొదలైన క్రాప్ హంగర్ వాక్ అలాగే చేస్తుంది, వచ్చినదాంట్లో పాతిక శాతం వరకు ఆ ఊళ్ళోనే ఆకలి మీద పనిచేసేవాళ్ళకి, మిగతాది ప్రపంచవ్యాప్తంగా.

వస్తువులు పోగేసి దూరదేశాలకి పంపుదాం అనే ఆలోచన మంచి మనసుతోనే వస్తుంది కానీ వద్దు. రవాణా ఖర్చే తినేస్తుంది, ఊరికే వచ్చిపడిన తిండి వల్ల అక్కడి రైతు పండించింది అమ్ముడుపోదు, 2020లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ప్రపంచ ఆహార కార్యక్రమం లాంటి సంస్థలు కూడా చాలా చోట్ల ఇప్పుడు నేరుగా నగదే ఇస్తున్నాయి. దగ్గర్లో ఉన్న ఫుడ్ బ్యాంక్‌కి వస్తువులు ఇవ్వాలంటే ముందు ఫోన్ చేసి ఏం కావాలో అడగండి, మీకు తోచింది ఇస్తే సర్దలేక వాళ్ళు తలపట్టుకుంటారు. మీ ఈవెంట్‌లో వండింది మిగిలితే ఎవరు తీసుకెళ్తారో ముందురోజే మాట్లాడి ఉంచండి, వేడి పదార్థాలు 60 డిగ్రీల పైనే ఉండాలి, బయట రెండు గంటలు దాటితే ఇవ్వకండి, పేదవాళ్ళ కడుపు కూడా కడుపే.

అయిపోయిన రోజు రాత్రే, అలసిపోయినా సరే, సైన్‌అప్ చేసినవాళ్ళకి థ్యాంక్స్ మెసేజ్ పెట్టి అందులోనే మొదటి పని తేదీ, టైము, ఎక్కడికి రావాలో రాసెయ్యండి. వారం దాటితే వేడి చల్లారిపోతుంది. వారంలోపు లెక్కలు బయటపెట్టండి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, రసీదుతో సహా. ఎంతమంది వచ్చారు, ఎన్ని ఫోటోలు దిగారు అనేది లెక్క కాదు, నెల తర్వాత ఎంతమంది ఒప్పుకున్న పని చేశారో అదే లెక్క, ఆ పేర్లు ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి. రెండు వందల మంది వచ్చి తొమ్మిది మందే మిగిలారనుకోండి, ఆ తొమ్మిది మందిని ఒకచోట కూర్చోబెట్టి తర్వాతి ఈవెంట్ బాధ్యత వాళ్ళ మధ్యే పంచండి, ఒకరికి డబ్బు లెక్కలు, ఒకరికి ఫుడ్ బ్యాంక్‌తో మాటలు, ఒకరికి ఉత్తరాలకి జవాబు వచ్చిందా లేదా అని వెంటపడే పని.