పాత ఇంట్లో సీసం, 4వ పాఠం: నీళ్లు చల్లినా పొడి ఎందుకు లేచింది?

ఈసారి చెత్త ఎత్తడం గురించి చెప్పాల్సింది. అది చివర్లో కానిద్దాం. 3వ పాఠం చూసి, సీసం ఉండే పాత రంగును తలుపుల మీంచి నీళ్లు చల్లి గీకినవాళ్లలో చాలామంది రెండు రోజులకే గదంతా సన్నని పొడి పేరుకుందని, నీళ్లు చల్లాం కదా అని అడుగుతున్నారు.

తలుపులకు వేసే మెరుపు రంగు, అంటే ఎనామిల్, నీటిని పీల్చదు. స్ప్రే కొడితే చుక్కలుగా జారిపోతుంది, పెచ్చు కింద పొడిగానే ఉంటుంది. లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు కలిపితే నీరు పరుచుకుంటుంది. ఒక్కో అడుగు పొడవు మేర తడిపి, రెండు నిమిషాలు ఆగి, గీకి, మళ్లీ తడపాలి. తలుపంతా ఒకేసారి తడిపితే, చెన్నై ఎండల్లో సగం గీకేలోపు మిగతాది ఆరిపోతుంది. స్విచ్ బోర్డు దగ్గర స్ప్రే కొట్టాలంటే ముందు మెయిన్ ఆపేయాలి.

అసలు తంటా మర్నాటిది. మీరు తడిగా గీకారు. పెయింటరు వచ్చి లప్పం పెట్టి, ఆరాక 80 నంబరు ఉప్పుకాగితంతో పొడిగా రుద్దాడు. లప్పంతో పాటు దాని అంచున ఉన్న పాత రంగూ అరిగి లేచింది. గీకినప్పుడు రాలే పెచ్చుల్ని ఏరి పారేయొచ్చు. ఉప్పుకాగితం కింద పుట్టేది కంటికి ఆనని పొడి. గాల్లో తేలి, నేల మీద దిగి, పాకే పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోయేది అదే. మూడు రోజుల జాగ్రత్త ఒక్క పూటలో పోయింది.

కాబట్టి వరుస మార్చండి. ముందు పాత రంగు అంచుల్ని 120 నంబరు వాటర్ పేపరుతో (నీళ్లతో రుద్దే ఉప్పుకాగితం) తడిగా నునుపు చేయించి, తుడిపించి, ఆరాక ప్రైమర్ వేయించండి. లప్పం ఆ తర్వాతే. నీళ్లు తగిలితే లప్పం కరుగుతుందని పెయింటరు గొణుగుతాడు. కొన్ని రకాల విషయంలో అది నిజమే, తడిగుడ్డ అద్దుతూ మెల్లగా రుద్దమనండి. ప్రైమర్ తెగి పాత రంగు కనబడితే ఆపి, అక్కడ మళ్లీ ప్రైమర్ వేయాలి. వాటర్ పేపరు మీరే కొనివ్వండి, పెయింటరు సంచిలో ఉంటుందని నమ్మకండి. రంగును మంటతో కాల్చి ఊడదీసే బ్లో ల్యాంపు తెస్తే గుమ్మం దాటనివ్వొద్దు, ఆ వేడికి సీసం పొగై లేస్తుంది.

రుద్దేటప్పుడు చేరే ముద్దను ఆరకముందే పాతగుడ్డతో ఎత్తేయాలి. భోజనానికి లేచే ముందు వదిలేస్తే, తిరిగొచ్చేసరికి అదే పొడి. నీళ్లు సీసాన్ని పోగొట్టవు, తడి ఉన్నంతసేపు పట్టి ఉంచుతాయి, అంతే.

నన్నడిగితే, గట్టిగా పట్టుకున్న రంగు జోలికి వెళ్లనే వద్దు. కడిగి, పైన ప్రైమర్, కొత్త రంగు వేస్తే చాలు. ఒరుసుకునే కిటికీ రెక్కల మీద ఆ కొత్త రంగు నిలవదు, ఊడదీసి కొత్తవి చేయించడమే మేలు.

వేళచ్చేరిలో 2012లో కట్టిన ఫ్లాటుకూ ఇదంతా కావాలా? కావాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమలైంది. పసుపు, నారింజ, ఎరుపు ఎనామిళ్లను ముందు అనుమానించండి. ఎర్ర ఆక్సైడ్ నేలలో ఉండేది ఇనుము, దాన్ని వదిలేయండి.

నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటు 600 గేజ్ అడగండి. అదే మందాన్ని 150 మైక్రాన్లంటే కొట్టువాడు తెల్లమొహం వేస్తాడు. పని అయ్యాక తడిపి, లోపలికి మడిచి, రెండు సంచుల్లో కట్టి, ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వండి. కాల్చొద్దు. చీపురు, మామూలు వాక్యూమ్ వద్దు, సన్నని పొడిని పట్టే అసలైన హెపా ఫిల్టరున్న వాక్యూమ్ ఉంటే సరే. తుడిచిన నీళ్లు కరివేపాకు మొదట్లో పోసే అలవాటు మానండి, టాయిలెట్లో పోయండి.

పొడిగా రుద్దినప్పుడు పసివాళ్లు ఇంట్లో ఉంటే, డాక్టరునడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

అభ్యాసం: తలుపు మూల, గడప సందులో చెంచాడు ముగ్గుపిండి చల్లి, అదే సీసం పొడి అనుకోండి. సబ్బునీళ్ల బకెట్, జాడించే బకెట్ వేరుగా పెట్టుకుని తుడవండి. ఆరాక తడిపిన నల్లగుడ్డతో రుద్దండి. తెల్లగా అంటితే మళ్లీ మొదటినుంచి. వరుసగా మూడుసార్లు గుడ్డ నల్లగానే వచ్చేదాకా రంగు గీకాల్సిన తలుపు ముట్టుకోకండి.