సస్పెన్షన్ ఉత్తర్వు అందాక: విచారణ ముగిసేదాకా పాటించవలసిన జాగ్రత్తలు

సస్పెన్షన్ ఉత్తర్వు సాధారణంగా ఒక పేజీకి మించదు. "విచారణ పెండింగులో ఉన్నందున" అనే మాట అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. చదివే మనిషి కంటికి మాత్రం అది ఆనదు. "సస్పెండ్ చేయడమైనది" అన్న ముక్క ఒక్కటే పేజీ నిండా పరుచుకుంటుంది. నాకూ అంతే జరిగింది. మేనేజరు గదిలో రెండుసార్లు చదివాను. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి మూడోసారి చదివాక గానీ అది తీర్పు కాదని తలకెక్కలేదు. ఏడు వారాలు ఇంట్లో కూర్చున్నాను. ఆ తరువాత చాలా విచారణల్లో తోటి ఉద్యోగులకు సహాయకుడిగా పక్కన కూర్చున్నాను. అక్కడ పదేపదే చూసిన సంగతి ఒకటి ఉంది. అసలు ఆరోపణ వీగిపోయినవాళ్లు కూడా సస్పెన్షన్‌లో ఉండగా చేసిన పనికి దొరికిపోయారు. అందుకే ఇక్కడ రాసిన వాటిలో సగానికి పైగా, ఈ కాలంలో కొత్త తప్పు చేయకుండా ఉండటం గురించే.

ఆ గంటలో

కాగితం ఇచ్చే మనిషితో వాదన పెట్టుకోకండి. చాలాసార్లు ఆయనకు కేసు పూర్వాపరాలు తెలియవు. మీరు కోపంలో అన్న మాటలు మాత్రం సాయంత్రానికి నోటుగా మారి ఫైలులో చేరతాయి. సంతకం అడిగితే "అందింది" అని రాసి, తేదీ, సమయం వేసి సంతకం చేయండి. అందుకున్నట్టు సంతకం చేయడం వేరు, ఒప్పుకున్నట్టు సంతకం చేయడం వేరు. రెండో రకం కాగితం ముందు పెడితే, చదువుకోవడానికి గడువు కావాలని చెప్పి లేచి రండి. అసలు ఉత్తర్వే తీసుకోనని మొండికేస్తే ఒరిగేదేమీ లేదు. అది తపాలాలో ఇంటికి వస్తుంది, నిరాకరించారన్న మాట అదనంగా మిగులుతుంది.

"రాజీనామా ఇచ్చేయండి, గౌరవంగా ఉంటుంది" అని ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. కొందరికి చివరికి అదే సరైన దారి కావచ్చు, కానీ చేతులు వణుకుతున్న గంటలో తేల్చుకునే విషయం కాదది. పైగా విచారణ నడుస్తుండగా రాజీనామాను ఆమోదించకుండా ఆపే నిబంధనలు చాలా సంస్థల్లో ఉంటాయి.

ఆఫీసు వస్తువులు అప్పగించేటప్పుడు జాబితా రాయించి రసీదు తీసుకోండి. నా దగ్గర ఐడీ కార్డు తీసుకోవడానికి వచ్చిన సెక్యూరిటీ కుర్రాడికి, మెడలో తాడు కూడా తీసుకోవాలో, కార్డు ఒక్కటే చాలో తెలియలేదు. ఇద్దరం కలిసి ఆ తాడు ముడి విప్పాం. చీటీ మీద "కార్డు 1, తాళాలు 3" అని రాయించుకున్నాను. నాలుగు వారాల తరువాత నాలుగో తాళం ఏదని ఫోను వచ్చింది. అప్పుడు నన్ను కాపాడింది ఆ చీటీయే.

కంప్యూటర్‌లో ఏదీ చెరపకండి. పిల్లల ఫొటోలు చెరిపినా "ఆధారాలు మాయం చేశారా" అన్న ప్రశ్న పుడుతుంది. సొంత ఫైళ్లు ఉంటే తిరిగి ఇప్పించమని తరువాత ఉత్తరం రాయండి.

ఉత్తర్వులో ఏమి వెతకాలి

ఏ నిబంధన కింద సస్పెండ్ చేశారు, ఆరోపణ ఏమిటి, ఏ తేదీ నుంచి, ఈ కాలంలో ఎంత చెల్లిస్తారు, ఎవరితో మాట్లాడకూడదు, మీరు ఎవరిని సంప్రదించాలి, సస్పెన్షన్‌ను మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారు. వీటిలో ఏది లేకపోయినా మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. ఆరోపణను "దుష్ప్రవర్తన" అన్న ఒక్క ముక్కతో సరిపెడితే వివరాలు కోరండి. అభియోగ పత్రం వచ్చేదాకా జవాబు రాకపోవచ్చు, కానీ అడిగినట్టు రికార్డు ఉండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో తెచ్చిన 158వ ఒడంబడిక, ఆరోపణలకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ప్రవర్తన కారణంగా ఎవరినీ ఉద్యోగం నుంచి తొలగించకూడదంటుంది. దాన్ని ఆమోదించని దేశాల్లోనూ చాలా చోట్ల సహజ న్యాయం పేరుతో ఇదే సూత్రం నడుస్తోంది.

సస్పెన్షన్‌లో ఉన్నా మీరు ఉద్యోగే. ఊరట కలిగించే ఈ మాటే మెడకూ చుట్టుకుంటుంది. ఉద్యోగం ఉన్నంతకాలం నిబంధనలూ ఉంటాయి. ఖాళీగానే ఉన్నాను కదా అని ఇంకోచోట పనికి కుదిరితే అదొక్కటే వేరే అభియోగానికి చాలు. పిలిస్తే అందుబాటులో ఉండాలి. ఊరు దాటాలంటే ముందుగా తెలియజేయాలి. జబ్బు చేస్తే డాక్టరు కాగితం ఉండాలి.

డబ్బు

దేశాన్ని బట్టి, ఉద్యోగాన్ని బట్టి లెక్క మారుతుంది. బ్రిటన్‌లో ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప మామూలుగా పూర్తి జీతం వస్తుంది. భారతదేశంలో పారిశ్రామిక కార్మికులకు మొదటి 90 రోజులు వేతనంలో 50 శాతం, ఆ తరువాత కూడా విచారణ సాగుతూ ఉండి ఆలస్యానికి కార్మికుడు కారణం కాకపోతే 75 శాతం జీవనభృతిగా చెల్లించాలి. ఆఫీసు భాషలో దీన్నే సబ్సిస్టెన్స్ అలవెన్సు అంటారు. వేరే ఎక్కడా పని చేయడం లేదని ధ్రువపత్రం ఇవ్వాలన్న నిబంధన మీకు వర్తిస్తే దాన్ని నెలనెలా మరవకుండా పంపండి, అది అందక భృతి ఆగిపోయినవాళ్లను చూశాను.

ఇవ్వవలసింది ఇవ్వకపోతే ఊరుకోకండి. భారతదేశంలో ఒక బంగారు గనుల సంస్థ భద్రతాధికారిని 1985లో సస్పెండ్ చేసి భృతి చెల్లించలేదు. చేతిలో డబ్బు లేక ఆయన విచారణకు వెళ్లలేకపోయాడు. ఆయన లేకుండానే విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. 1999లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును తప్పుపట్టి ఆయనను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు కోసం ఆయన 13 ఏళ్లకు పైగా ఎదురుచూడవలసి వచ్చింది. అందుకని ఒక నెల భృతి రాకపోతే ఆ నెలలోనే ఉత్తరం రాయండి. అప్పుల వాయిదాలు ఉంటే, ఒకటి తప్పాక కాదు, తప్పకముందే బ్యాంకుతో మాట్లాడండి.

అసలు ప్రమాదం ఫోనులో ఉంది

నేను సహాయకుడిగా వెళ్లిన కేసుల్లో ఒకాయన మీద బిల్లుల ఆరోపణ వచ్చింది. ఆధారాలు పలచగా ఉన్నాయి. సస్పెండ్ అయిన తొమ్మిదో రోజు రాత్రి పదకొండు గంటలకు, తన కింద పనిచేసిన అమ్మాయికి ఆయన ఒక మెసేజ్ పెట్టాడు: "నువ్వు చూసింది చూసినట్టు చెప్పు, చాలు." ఆయన మనసులో దురుద్దేశం లేదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ విచారణాధికారి ఆ వాక్యాన్ని పైకి చదివినప్పుడు, ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించని ఆ గదిలో అది బెదిరింపులాగే పలికింది. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. చివరికి బిల్లుల ఆరోపణ నిలవలేదు. సాక్షిని ప్రభావితం చేశారన్నది నిలిచింది.

అందుకని ఫిర్యాదు చేసినవారికీ, సాక్షులు కాగలవారికీ ఏమీ పంపకండి. క్షమాపణ కూడా పంపకండి. మీ తరఫున భార్యో, భర్తో, ఉమ్మడి స్నేహితుడో మాట్లాడినా మీరు మాట్లాడినట్టే లెక్క వేస్తారు. వాళ్లే ఫోను చేస్తే, "దీని గురించి మనం మాట్లాడుకోకూడదు, ఏమున్నా విచారణాధికారికే చెప్పండి" అని పెట్టేయండి. ఆ ఫోను ఎప్పుడు వచ్చిందో, మీరు ఏమన్నారో రాసిపెట్టుకోండి. మీ తరఫున మాట్లాడగల సాక్షి ఉంటే ఆ పేరు విచారణాధికారికి ఇచ్చి పిలిపించమని కోరండి.

ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో మౌనంగా ఉండండి. స్టేటస్‌లో వెన్నుపోటు గురించిన సూక్తులు పెట్టకండి. పేరు రాయలేదు కదా అనుకుంటారు గానీ, అది ఎవరి గురించో ఆఫీసు మొత్తానికి తెలుసు, వాళ్లలో ఒకరు స్క్రీన్‌షాట్ తీస్తారు.

ఇంకో ఉచ్చు మెయిల్. మీ నిర్దోషిత్వం చూపే కాగితం ఆఫీసు మెయిల్‌లో ఉంటుంది, లాగిన్ ఇంకా పని చేస్తూ ఉంటుంది. సొంత మెయిల్‌కు పంపుకోవాలని వేలు లాగుతుంది. పంపితే సంస్థ సమాచారం బయటికి తరలించారన్న ఆరోపణకు మీరే ఆధారం సమకూర్చినట్టు. దాని బదులు ఫలానా తేదీన ఫలానావారు పంపిన మెయిల్, ఫలానా రిజిస్టరులో ఫలానా పేజీ అని జాబితా రాసి, వాటిని భద్రపరచి ప్రతులు ఇప్పించమని కోరండి. అడిగినా ఇవ్వకపోతే ఆ నిరాకరణే తరువాత అప్పీలులో మీకు పనికి వస్తుంది.

ఒక నోటు పుస్తకం

మొదటి రెండు మూడు రోజుల్లోనే, ఎవరితోనూ ఎక్కువ చర్చించకముందే, జరిగినదంతా తేదీల వారీగా రాసుకోండి. తరువాత విన్న మాటలు జ్ఞాపకంలోకి చొరబడి, మనమే చూసినట్టు అనిపింపజేస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల నుంచి ప్రయోగాలతో చూపుతున్నారు. పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు స్వయంగా చూసినవి, కుడివైపు ఇతరులు చెప్పగా విన్నవి రాయండి. నాకు ఈ సలహా ఇచ్చినాయన ఇంకో మాట కూడా అన్నాడు: మీకు అనుకూలంగా లేనిది కూడా రాయండి, అవతలివారికి అది ఎలాగూ తెలుసు.

పగళ్లు

పని పోయిన మనిషికి ముందుగా చెడేది కాలం లెక్క. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెంటాల్ అనే గ్రామం ఉంది. అక్కడి మిల్లు మూతపడ్డాక 1931-32లో పరిశోధకులు ఊరి జీవితాన్ని దగ్గరగా గమనించారు. చేతిలో బోలెడంత తీరిక ఉన్నా, గ్రంథాలయం నుంచి జనం తీసుకెళ్లే పుస్తకాలు తగ్గిపోయాయి. వీధిలో మగవాళ్ల నడక నెమ్మదించింది, ఊరికే ఆగి నిలబడటం పెరిగింది. నా ఏడు వారాల్లో మూడో వారానికి సరిగ్గా ఇదే స్థితికి వచ్చాను. పొద్దున లేచి మెయిల్ చూడటం, పదింటికి చూడటం, భోజనం చేసి చూడటం. రోజుకు రెండే సార్లు, ఉదయం పదకొండుకు, సాయంత్రం నాలుగుకు చూడాలని గడియారం పెట్టుకున్నాక కాస్త నిలదొక్కుకున్నాను. పాత వేళకే నిద్ర లేవడం, రోజూ ఒకసారి ఇంటి బయటికి నడిచి రావడం, కేసు గురించి మాట్లాడటానికి రోజులో ఒక గంట మాత్రమే కేటాయించడం. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ, అలాంటి నెలలో ఇవి మామూలు విషయాలు కావు.

నిద్ర వరుసగా రెండు వారాలు పట్టకపోయినా, తాగుడు అలవాటు పెరుగుతున్నా డాక్టరును కలవండి. బతకడం దేనికన్న ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, వైద్యుడికో సహాయవాణికో ఫోను చేయండి. దానికి విచారణ ముగియాలని ఆగవద్దు.

ఇంట్లోవాళ్ల దగ్గర దాచి, రోజూ తయారై బయటికి వెళ్లే మనుషులు ఉన్నారు. ఆ నాటకం ఎన్నాళ్లో నిలవదు. కనీసం ఒకరికి పూర్తిగా చెప్పండి. చుట్టాలకూ, ఇరుగుపొరుగుకూ "కొన్నాళ్లు ఇంట్లో ఉంటున్నాను" అన్న ఒక్క వాక్యం చాలు.

విచారణ గదిలో

సహాయకుడిని తీసుకువెళ్లే హక్కు ఉందో లేదో నిబంధనల్లో చూసి, ఉంటే తప్పక తీసుకెళ్లండి. పక్కన కూర్చున్న మనిషి మాట్లాడకపోయినా ఫరవాలేదు, మీరు తొందరపడినప్పుడు మంచినీళ్ల గ్లాసు మీ వైపు జరిపితే చాలు. ప్రశ్న పూర్తిగా విని, దానికే జవాబు చెప్పండి. అవతలివాళ్లు మౌనంగా ఉంటే ఆ ఖాళీని నింపాలని చూడకండి, అనవసరమైన మాటలు జారేది అక్కడే. గుర్తులేకపోతే గుర్తులేదనండి, అది గౌరవమైన జవాబే. వాంగ్మూలం మీద సంతకానికి ముందు ప్రతి పేజీ చదవండి. మీరు "బహుశా" అన్నచోట "అవును" అని రాసి ఉంటే సరిచేయించండి. అలసిపోతే విరామం అడగండి. పిలుపు వచ్చినా కోపంతో హాజరు కాకపోవడం అన్నిటికంటే చెడ్డ ఎత్తు. ఏకపక్షంగా ముగించడానికి అవకాశం మీరే ఇచ్చినవాళ్లవుతారు.

తప్పు నిజంగానే జరిగి ఉంటే ఈ జాగ్రత్తలన్నీ అబద్ధానికి తొడుగులని అనుకోకండి. జరిగినంత ఒప్పుకోండి, జరగనిది కాదనండి. "అభియోగం 1లో చెప్పినట్టు ఆ రోజు రిజిస్టరులో సంతకం పెట్టకుండా సరుకు వదిలాను, డబ్బు తీసుకున్నానన్నది నిజం కాదు" అని స్పష్టంగా చెప్పినవారికి, అంతా బుకాయించినవారి కంటే తక్కువ శిక్ష పడటం నేను చూశాను. ఎంత ఒప్పుకోవాలో, ఏ మాటల్లో చెప్పాలో మాత్రం ముందుగా న్యాయవాదితోనో యూనియన్‌తోనో మాట్లాడండి. విషయం పోలీసుల దాకా వెళ్లే రకమైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే ఇక్కడ చెప్పింది అక్కడికీ చేరవచ్చు.

తిరిగి చేరే రోజు

ఆరోపణ నిలవక మళ్లీ పిలిస్తే వెళ్లేముందు మూడు కాగితాలు అడగండి: సస్పెన్షన్ ఎత్తివేసిన ఉత్తర్వు, ఆ కాలాన్ని సర్వీసులో ఎలా లెక్కిస్తారో చెప్పేది, మిగిలిన జీతం సంగతి తేల్చేది. మీరు ఇన్నాళ్లు ఎక్కడున్నారో సహోద్యోగులకు ఏమని చెప్పాలో పై అధికారితో ముందే అనుకోండి. ఫిర్యాదు చేసింది ఎవరో తెలిసినా తెలియనట్టే ఉండండి. కక్ష సాధించారన్న ఫిర్యాదు కొత్త ఫైలు తెరుస్తుంది.

నేను వెళ్లేసరికి నా బల్ల మీద ఎవరిదో నీళ్ల సీసా, నా కుర్చీ వెనక ఎవరిదో స్వెటరు ఉన్నాయి. నా చోట కూర్చుంటున్న కుర్రాడు వాటిని గబగబా తీసుకోబోయాడు. సాయంత్రందాకా ఉంచుకోమని చెప్పి పక్క కుర్చీలో కూర్చున్నాను. కొత్త ఐడీ కార్డు ఇచ్చారు గానీ తాడు ఇవ్వలేదు, రెండు రోజులు దాన్ని జేబులోనే పెట్టుకు తిరిగాను.